నీరు పోవు దారి

చరిత్రమును గూర్చి మాటలాడుమని నన్ను కోరిరి. చేబ్రోలు గ్రామస్థుడను గనుక, కాకతి గణపతిదేవుని సేనాపతియై నృత్తరత్నావళిని రచించిన జాయపను గూర్చియో, మా యూరి కోనేటి నడుమ చతుర్ముఖ బ్రహ్మకు గుడి కట్టించిన వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారిని గూర్చియో చెప్పుదునని మీరు తలంచియుందురు. నాయుడుగారి ప్రసక్తి తరువాత రాగలదు. ముందుగా మా యింటి బట్టలుతుకు యంత్రమును గూర్చి చెప్పవలసియున్నది. నవ్వకుడు. అది మొరాయించిన దినమున, కృష్ణా డెల్టా చరిత్రములో ఏండ్ల తరబడి చదివియు గ్రహింపజాలని సంగతి యొకటి మా పెరటిలోనే నాకు బోధపడినది.

నా భార్యకు మోకాళ్ల నొప్పులు. వంగి బండమీద బట్టలుతుకుట కష్టమగుచుండగా, పిల్లలు రెండు తొట్ల యంత్రము నొకదానిని తెచ్చి పెరటి పంచలో పెట్టిరి. ఒక తొట్టి యుతుకును, రెండవది పిండును. గత కార్తిక మాసములో, రెండు దినములు ముసురుపట్టి వెలిసిన యుదయమున, ఉతుకుట ముగిసినది గాని నీరు దిగలేదు. మురికి నీరు నురుగుతో తొట్టి నిండ నిలిచియున్నది. నేను మీటను ఇటు త్రిప్పితిని, అటు త్రిప్పితిని. ప్రక్కను రెండు దెబ్బలు కొట్టితిని. "దాన్ని కొడితే ఏం లాభమండీ, తెలిసినవాణ్ణి ఎవరినైనా పిలవండి" అని నా భార్య యనెను.

పిలిపించితిమి. ఇరువదియేండ్ల కుఱ్ఱవాడు చిన్న సంచితో వచ్చెను. వాని పని చూచుచుండగా పూర్వకాలపు నాడీవైద్యులు నాకు జ్ఞప్తికి వచ్చిరి. "ముందు ప్లగ్గు తీయండి తాతగారూ. కరెంటుండగా నీళ్లలో చెయ్యి పెట్టకూడదు" అనెను. పిమ్మట చెంబుతో సగము నీరు తోడి పారబోసెను. గొట్టము యంత్రము వెనుక నలిగినదేమో, మడతపడినదేమో చూచెను, లేదు. నీరు విడుచు మీటను త్రిప్పి, దానికి కట్టిన తీగ లోపలి రబ్బరు బిరడాను పైకెత్తుచున్నదో లేదో చూచెను, ఎత్తుచున్నది. బిరడా క్రింద వ్రేలు పెట్టి వెదకి, దారపు నూగును, ఒక చొక్కా బొత్తామును, ఒక రూపాయి నాణెమును వెలికి తీసెను. దొంగ దొరికెనని నేను సంతోషించితిని. వాడు తల యడ్డముగా నూపెను. "ఇది కొంచెం అడ్డమే గానీ పూర్తిగా ఆపేది కాదు" అని, గొట్టపు కొనను గోడ కన్నమునుండి లాగి నేలమీద పడవేసెను. తొట్టిలోని నీరంతయు గలగల దిగి పెరటిలోనికి పారిపోయెను. మరల రెండు బిందెల నీరు పోసి, కొనను మునుపటి కన్నములోనే పెట్టెను. నీరు కదలలేదు.

"యంత్రానికి ఏ జబ్బూ లేదు తాతగారూ. నీళ్లు పోవడానికి దారే లేదు" అని వాడు తేల్చిచెప్పెను.

వాడు చెప్పిన సంగతి మీకును ఉపయోగపడును గనుక విన్నవించెదను. ఈ యంత్రములు రెండు తెఱగులు. కొన్నింటి యడుగున చిన్న పంపు కలదు. అది నీటిని రెండు మూడడుగు లెత్తి బయటికి నెట్టును. అట్టివాని గొట్టపు కొనను ఎత్తుననే కట్టవలెను. లేనిచో నీరు నిండుచుండగనే జారిపోవును. అందు నీరు దిగకున్న, ముందువైపు క్రిందనున్న చిన్న తలుపును తెఱచి, లోపలి జల్లెడను త్రిప్పి తీసి కడుగవలెను. నాణెములును పిన్నులును చిక్కుకొనునది అచటనే. మా యంత్రము వంటివానిలో పంపు లేదు. నీరు తన బరువుచేతనే దిగిపోవలెను. గొట్టపు కొన తొట్టి యడుగుకంటె పల్లమున నుండవలెను. ఆ కొన మిట్ట యెక్కినను, నిండిన నీటిలో మునిగినను, లోపలి నీరు లోపలనే నిలుచును. మా గోడ కావల వీధి మురుగుకాలువ అంచులదాక నిండియుండెను. వీధిలో సిమెంటు బాట మీద మఱియొక సిమెంటు బాట పడి, వీధి యెత్తై, మా పెరడు పల్లమైనది. కాలువలోని నీటిమట్టము మా తొట్టి యడుగుకంటె మీదనే యున్నది. "ఎక్కడో కింద అడ్డం పడింది. అది చూసుకోండి" అని చెప్పి, వచ్చిన కూలి మాత్రము పుచ్చుకొని ఆ కుఱ్ఱవాడు వెడలిపోయెను.

ఆ సాయంకాలము నేను కూర్చుండి ఆలోచించితిని. ఇంగ్లండులో హెన్రీ సిడ్జియరు అను నాతడు 1782 లో తిరుగు పీపాతో ఉతుకు యంత్రమునకు హక్కుపత్రమును పొందెను. ఆ వెనుక వచ్చినవారు బహుకాలము పీపాను ఎట్లు త్రిప్పవలెను, బట్టను ఎట్లు పిండవలెను అను విషయములనే ఆలోచించిరి. నీటిని పారబోయుట చాలకాలము చేతిపనిగానే మిగిలినది. తనంతట తాను నీరు పట్టి, ఉతికి, జాడించి, ఆ నీటిని విడిచి, బట్టను పిండు బెండిక్సు యంత్రము అమెరికాలో 1937 లో గాని వెలువడలేదు. మన రజకులకు ఈ పొరపాటు లేదు. వారు రేవును చూచుకొనునపుడు నీరు వచ్చు వైపుతోపాటు పోవు వైపును చూచుకొనువారు. నిలువనీట ఉతికిన బట్టకు మురికి మరల పట్టునని వారెఱుగుదురు.

నీటిని తెచ్చుకొనువేళ మనుష్యునకుండు శ్రద్ధ, దానిని సాగనంపువేళ నుండదు. మన డెల్టా కథయు నించుమించుగ నిట్టిదే.

1832-33 సంవత్సరములలో, నందన నామ సంవత్సరమున, గుంటూరు సీమను డొక్కల కరవు పీడించెను. సీమలోని సుమారు 5 లక్షల జనములో 2 లక్షలదాక నశించిరని అంచనా. కృష్ణ బెజవాడ దాటి వట్టిగా సముద్రమున కలియుచుండగా, దాని యొడ్డుననే జనము డొక్క లెగయుచు చచ్చిరి. గోదావరిమీద ధవళేశ్వరపు ఆనకట్టను తలపెట్టిన ఆర్థరు కాటనుగారి ప్రోద్బలమున, బెజవాడ కొండకును సీతానగరపు కొండకును నడుమ కృష్ణకు ఆనకట్ట 1852 లో ఆరంభమై, కెప్టెను ఆర్ అను నింజనీరు పర్యవేక్షణమున 1855 లో పూర్తియైనది. పిమ్మట కాలువలు త్రవ్వబడినవి. దుగ్గిరాల యొద్ద చీలిన కొమ్మమూరు కాలువ మా ప్రాంతము మీదుగా దక్షిణమునకు సాగి, పెదగంజాము యొద్ద బకింగుహాము కాలువను కలిసినది. ఒకప్పుడు మన ధాన్యపు పడవలు ఆ దారినే చెన్నపట్టణముదాక పోయినవి. జొన్న చేలు వరి మళ్లైనవి. ఆ యుపకారమును తక్కువచేసి మాటలాడుట కృతఘ్నత.

కాని పారుదల కాలువను మిట్టవెంబడి త్రవ్వుదురు. ఇరుప్రక్కల పొలమునకు నీరు దిగవలెను గదా. దిగిన నీరు పైరు త్రాగినంత త్రాగగా మిగిలినది పల్లమునకు చేరును. వానకాలమున ఆకాశమునుండి పడినదియు అచటికే చేరును. ఆ పల్లమునందుండు వాగులే మనకు మురుగుకాలువలు. నల్లమడ, తుంగభద్ర మురుగు, భట్టిప్రోలు మురుగు, రేపల్లె మురుగు, పేరులోనే రొంపిగల రొంపేరు. ఈ పేర్లు మన రైతులకు చుట్టముల పేర్లవలె పరిచితములు. పారుదల కాలువలు మనుష్యులు కొలిచి కట్టినవి. మురుగులలో పెక్కింటికి దేవుడిచ్చిన వాగే ఆధారము. పూర్వము మెట్టపైరులమీద పడిన వానను మోయుటకు చాలిన వాగు, వరిమళ్ల నీటిని, కాలువల మిగులును, వానను కలిపి మోయవలసివచ్చెను. నీరు తెచ్చిన కాలువకు నీటితీరువ వసూలగును. ఖర్చునకు రాబడి కనబడును. మురుగుకాలువ దొరతనమునకు రాబడి తెచ్చునది కాదు. అందుచేత దానివంతు ఎల్లప్పుడును వెనుకబడినది.

ఈ నేల స్వభావము నొకమారు తలంపుడు. విజయవాడనుండి సముద్రముదాక వాలు మైలునకు ఒకటి రెండడుగులకు మించదు. తీరము దగ్గఱ ఇంకను తక్కువ. నల్లరేగడి తడిసిన వెనుక నీటిని లోపలికి గుంజుకొనదు. మనకు పంపు లేదు. మా యింటి తొట్టివలెనే ఈ డెల్టా యంతయు నీటి బరువును నమ్ముకొన్నది. దాని గొట్టపు కొన సముద్రము. పోటు వచ్చినపుడు సముద్రము మూడు నాలుగడుగు లెగయును. మొగల యందు ఇసుక మేటవేయును. గాలివానలు వచ్చునది అక్టోబరు, నవంబరు నెలలలో. వరి వెన్ను వంగి కోతకు వచ్చునదియు ఆ దినములలోనే. మీదనుండి వాన కురియును, తూర్పునుండి గాలి సముద్రమును ఒడ్డునకు త్రోయును. నీరు దిగవలసిన దినముననే గొట్టపు కొన యెత్తైపోవును. 1864 నవంబరు 1వ తేదీన బందరును ముంచిన యుప్పెనయు, 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను తుడిచిపెట్టిన యుప్పెనయు ఈ కాలమున వచ్చినవే. అంతటి విపత్తు ప్రతియేటను రాదు. కాని కోసిన పనలు మడిలో తేలుట, కంకిమీదనే గింజ మొలకెత్తుట మనలో చూడనివారెవరు? చిన్నతనమున మా నాయనగారు మోకాలిలోతు నీటిలో నిలిచి, తడిసిన పనలను గట్టుమీదికి విసరుచు, ఒక్క మాటయైన మాటలాడని యుదయము నాకిప్పటికిని కన్నులగట్టినట్లున్నది.

తరువాతి కథ మీరు చూచినదే. పాత ఆనకట్ట స్థానమున ప్రకాశము బ్యారేజి 1957 లో వచ్చెను. 13 లక్షల యెకరములకు మీఱిన ఆయకట్టు నిలదొక్కుకొన్నది. 1955 లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరమునుండి 1967 లో కాలువలకు నీరు విడువగా, కుడికాలువచేత పడమటి మెట్టపొలములు మాగాణులైనవి. అదియు మేలే. కాని ఆ పొలముల మిగులు నీరును ఓగేరు, కుప్పగంజి వాగులవెంట నల్లమడలోనికే దిగవలెను. నీరు వచ్చు దారులు రెండింతలైనవి. పోవు దారి యొక్కటే. 1960 దశకమున మిత్రాగారి యధ్యక్షతన నిపుణుల సంఘము డెల్టాల మురుగును పరిశీలించెను. 1968 లో కృష్ణా గోదావరి డెల్టాలకు మురుగు పన్ను చట్టము చేయబడెను. నీరు తెచ్చుటకే గాక పంపుటకును సొమ్ము కావలెనని చట్టము పలుకుటకు, ఆనకట్ట పూర్తియైన పిమ్మట 113 ఏండ్లు పట్టినది.

పూర్వులకీ సంగతి తెలియదా? తెలియును. కడపమండలములోని పోరుమామిళ్ల చెఱువు కట్టమీద 1369 నాటి శాసన మొకటి యున్నది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెఱువును రెండేండ్లలో, దినమునకు వేయిమంది కూలీలతోను నూఱు బండ్లతోను కట్టించెను. చెఱువునకు కావలసిన పండ్రెండంగములను, తగని యాఱు దోషములను ఆ శాసనము చెప్పుచున్నది. కట్ట ఊటకారుట, చవుడు నేల, చెఱువు నడుమ మిట్ట, నీరు తక్కువై నేల యెక్కువగుట మొదలగునవి మనము ఊహింపదగినవే. రెండు దోషములను మాత్రము నేను మరల మరల చదివితిని. నేల తక్కువై నీరెక్కువగుట యొకటి. నీరు మిక్కుటమగుటయు దోషమే యని ఆఱున్నర శతాబ్దముల క్రిందటనే రాతిమీద చెక్కిరి. రెండు రాజ్యముల సరిహద్దున నుండుట మఱియొకటి. ఇది నేలకు సంబంధించిన దోషము కాదు, నీటికి సంబంధించినది కాదు; మనుష్యులకు సంబంధించినది. ఇద్దఱి నడుమనున్న దానిని ఎవ్వరును బాగుచేయరు.

మురుగుకాలువకు పుట్టుకతోనే ఈ దోషము కలదు. అది పొలమునకును పొలమునకును నడుమ, ఊరికిని ఊరికిని నడుమ పారును. మీది రైతు గట్టు తెగగొట్టి నీరు వదలును. క్రింది రైతు రాత్రివేళ గండి పూడ్చును. మఱునాడు ఇరువురును గడ్డపారలతో నిలుతురు. ఒడ్డున నున్నవాడు ఏటికొక మూరెడు కాలువను చేనిలో కలుపుకొనును. మిగిలిన దానిని తూటికాడయు, గుర్రపుడెక్కయు, నాచును ఆక్రమించును. 2022 ఏప్రిలులో బాపట్ల వేఱు జిల్లా యైనది. రేపల్లె, నిజాంపట్నముల తీరమంతయు అందు చేరినది. గుంటూరు జిల్లాకు సముద్రపుటొడ్డు లేదు. పరిపాలనకు అది యెంత సౌకర్యమో నేను చెప్పజాలను. కాని మా చేబ్రోలున పడిన వానచినుకు సముద్రమును చేరవలెనన్న నిప్పుడు జిల్లా దాటవలెను. పోరుమామిళ్ల శాసనకర్త వినిన తల పంకించును.

శాసనముచేత జనమును కదలింపజూచిన కాలమును కలదు. 1858 లో చెన్నరాజధాని కొఱకు చేసిన నిర్బంధపు పనిచట్టము, వరద ముప్పు వచ్చినపుడు ఊరివారిని పనికి పిలుచుటకును, చెఱువు కాలువలకు ఆనవాయితీగా చేయవలసిన మరామతును ఎగగొట్టినవారినుండి సొమ్ము రాబట్టుటకును అధికారులకు వీలు కల్పించెను. దానిని నేను మరల కోరుటలేదు. నిర్బంధపు పని తఱచుగా బలహీనుని వీపుమీదనే పడును. కాని మరామతు ఊరందఱిదను భావముకూడ దానితోపాటు పోవుట మనకు నష్టము.

ఇందుకు వేఱొక దేశపు నిదర్శనము చూపెదను. వారు మనకు క్రొత్తవారు కారు. డచ్చి వర్తకులు 1606 లో మన నిజాంపట్నమున బట్టల వ్యాపారమునకు కోఠీ పెట్టిరి. ఆ కాలముననే, 1612 లో, వారి స్వదేశమున బీమ్‌స్టరు అను పెద్ద సరస్సును గాలిమరలతో తోడి ఎండగట్టి పంటపొలము చేసిరి. వారి నేలలో చాలభాగము సముద్రముకంటె పల్లము. అందుచేత నీటి పంచాయతీలను 13వ శతాబ్దమునుండియే యేర్పఱచుకొని, కట్టలను కాలువలను కాపాడు భారమును పొలముగలవారందఱును వంతులవారీగా వహించిరి. వారికి మరలు గలవు, పంపులు గలవు. అయినను వారి నేలను నిలిపినది ముందుగా ఆ పంచాయతీయే. పంపును కొనవచ్చును, పంచాయతీని కొనలేము.

మన కనులయెదుట జరిగినది యొకటి చెప్పి యీ భాగమును ముగించెదను. 2024 సెప్టెంబరు మొదటి దినములలో ప్రకాశము బ్యారేజి వద్ద కృష్ణ క్షణమునకు 11 లక్షల ఘనపుటడుగులకు మించి పారెను. బుడమేటి వరదలో కొంత వెలగలేరు వద్దనుండి కృష్ణలోనికి మళ్లించు కాలువ యున్నది. కాని కృష్ణయే నిండియున్నప్పుడు ఆ కాలువ తన నీటిని ఎక్కడ దింపును? కట్టలకు గండ్లు పడినవి. విజయవాడ యుత్తరపు పేటలు దినముల తరబడి నీట నిలిచినవి. దివాణములు, బ్యాంకులు, ఆసుపత్రులు గల మహానగరముగూడ మా పెరటి తొట్టివంటిదే యయ్యెను.

ఇక మా వీధికి వత్తును. మఱునాటి యుదయమున ఇద్దఱు కూలీలను పిలిచి, నేనే ముందు నడచుచు, మురుగుకాలువ వెంబడి పల్లపు దిక్కునకు బయలుదేరితిని. ఎవరింటి యెదుట అడ్డు దొరకినను వారికి నాలుగు మంచిమాటలు చెప్పవలెనని మనసులో కూర్చుకొనుచుంటిని. దూరము పోనక్కఱ లేకపోయెను. మా వాకిటికి దిగువన కాలువ యెండియున్నది. ఎగువన అంచులదాక నిండియున్నది. అడ్డు మా గుమ్మము క్రిందనే!

పదునొకండేండ్ల క్రిందట మా అబ్బాయి కారు లోనికి వచ్చుటకు కాలువమీద వాలు అరుగు నొకదానిని నేనే కట్టించితిని. దాని క్రింద జానెడు గొట్టము వేయించితిని. "ఇంకొంచెం పెద్దది వేద్దామండీ" అని తాపీమేస్త్రి యనగా, మురుగునకింతకంటె ఏల యని నేనే వలదంటిని. గడ్డపారలతో పగులగొట్టగా, ఆ గొట్టములో ఇసుకయు, కొబ్బరిపీచును, ప్లాస్టికు సంచులును, గుడ్డపీలికలును రాయివలె బిగిసియుండెను. మా యింటికి ఎగువన నాఱిండ్లు గలవు. మా ప్రక్కయింట నొక వృద్ధురాలు ఒంటరిగా నున్నది. నాలుగేండ్లనుండి ఆమె పెరడు తడియారుటలేదు. గోడ క్రిందినుండి చెమ్మపట్టి పెళ్లలూడుచున్నది. "అన్నయ్యగారూ, నీళ్లు పోవడం లేదు" అని ఆమె యెన్నిమార్లో చెప్పుకొన్నది. "మీ పెరడు పల్లమమ్మా, ఏం చేస్తాం" అని నేను చరిత్రపుస్తకము చేతబట్టుకొని సమాధానము చెప్పితిని. డెల్టాకు మురుగుదారి చూపలేదని పూర్వపు దొరలను తప్పుపట్టు వ్యాసములు వ్రాసినవాడను నేనే. కాలువను జానెడునకు కుదించినవాడనును నేనే. నా తొట్టి నిండువఱకు ఆమె పెరడు నాకు కనబడలేదు. ఆ దినమున ఆమె గుమ్మములో నిలిచి నీరు దిగుటను చూచినది గాని, నన్నొక్క మాటయు ననలేదు. అనినను బాగుండును.

అరుగును తీసివేయించితిని. కాలువ నిండు వెడల్పునకు తెఱపించి, పైన ఎత్తి తీయుటకు వీలైన నాపరాతి పలకలను పఱపించితిని. ఇది నా తెలివి కాదు. 4,500 ఏండ్ల క్రిందట సింధునదీ తీరమున మొహెంజొదారో వాసులు తమ వీధికాలువలకు ఇట్లే తీయుటకు వీలైన మూతలు పెట్టిరి. నడుమనడుమ పూడిక దిగుటకు గుంటలు కట్టిరి. ఆ గుంటలు మన యంత్రములోని జల్లెడవంటివి. మూసివేసిన కాలువ శుభ్రముగా కనబడును. కాని చేయి పెట్టుటకు వీలులేని కాలువ నేడో రేపో పూడకతప్పదు. మా యూరి కోనేటి నడుమ బ్రహ్మకు గుడి కట్టించిన వేంకటాద్రినాయుడుగారి పనివాండ్రును, నీరెంతవఱకు రావచ్చునో ముందు లెక్కింపకయే గోడ యెత్తియుండరు గదా.

పెద్దలారా! యంత్రము బాగుచేయ వచ్చిన కుఱ్ఱవానివలన నేను నేర్చుకొన్న వరుస యిది. నీరు నిలిచినపుడు యంత్రమును కొట్టకుడు. గొట్టపు మడతలను, బిరడాను, జల్లెడను చూడుడు. అవి సరిగా నున్న, కొనను నేలమీద పెట్టి పరీక్షింపుడు. అప్పుడు నీరు దిగినచో దోషము వెలుపల నున్నది. కాలువ వెంబడి పల్లమునకు నడువుడు. ఊరి మురుగునకును ఇదే వరుస. ఏరువాక పున్నమకు నాగలిని పూజింతుము. ఆ పున్నమకు ముందొక దినమున, పది పండ్రెండుగురు పెద్దలు తమ తమ వాకిండ్లనుండి వాగుదాక మురుగుకాలువ వెంబడి నడచిన చాలును. పొరుగూరి సరిహద్దు వచ్చినచో ఆ యూరి పెద్దలనుగూడ కలుపుకొని ఇంకను నడువవలెను. తూటికాడ యెక్కడ పెరిగినది, ఎవరి గట్టు ముందుకు జరిగినది, ఎవరి తూము ఇఱుకైనది కనబడును. దొరతనము చేయవలసిన పెద్దపనులున్నవి, వానిని అడుగవలసినదే. అడుగుటకు పోవుటకు ముందు మన గుమ్మము క్రింద మాత్రము చూచుకొని పోవుదము.

ఈ సంక్రాంతికి మా ప్రక్కయింటి పెరడు ఆరినది. ఆమె అచట బంతినారు పోసినది. మా యంత్రమునుండి నీరు దిగు చప్పుడు వినబడినపుడెల్ల నేను లేచిపోయి, గోడమీదుగా ఆ మడివైపు ఒకసారి చూచి వచ్చుచున్నాను.